విదేశాల్లో పెరిగే మన పిల్లల తెలుగు: ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారిపోతుంది

క్లుప్తంగా

రెండు భాషలు వింటూ పెరిగితే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ. విదేశాల్లో పుట్టిన తెలుగు పిల్లల్లో చాలామందికి ఇంటి భాష అర్థమవుతుంది, నోట మాత్రం రాదు. డేకేర్‌కో స్కూల్‌కో వెళ్లడం మొదలైన ఏడాది రెండేళ్లలోనే ఈ తేడా ఎక్కువగా ఏర్పడుతుంది. తెలుగు లేకుండా గడవని మనుషులు, పనులు పిల్లల రోజులో ఎంతమేర ఉన్నాయన్నదే ఇక్కడ అసలు లెక్క. అమ్మానాన్న ఇద్దరూ తెలుగువాళ్లే అయిన ఇంట్లో ‘ఒకరు తెలుగు, ఒకరు ఇంగ్లీష్’ అని పంచుకోవడం వల్ల ఒరిగేది తక్కువ, పోయేది ఎక్కువ.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వచ్చింది

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి ప్రాంతాల నుంచి చదువుకో ఉద్యోగానికో బయటి దేశాలకు వెళ్లి, అక్కడే సంసారాలు పెట్టుకున్న కుటుంబాలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అమెరికా జనగణన లెక్కల ప్రకారం ఆ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010–2017 మధ్య 86 శాతం పెరిగింది. ఆ కాలంలో అక్కడి ప్రధాన భాషల్లో ఏదీ అంత వేగంగా పెరగలేదు. అయితే ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం కొత్తగా వెళ్లిన పెద్దవాళ్లదే. వాళ్లకు పుట్టిన పిల్లల్లో ఎందరు తెలుగులో జవాబు చెప్పగలరన్నది ఆ అంకెలో కనిపించదు.

దీనికి రెండు కొత్త టెన్షన్లు తోడయ్యాయి. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, ఎప్పటికైనా వెనక్కి రావాల్సి వస్తుందేమో అన్న ఆలోచన చాలా ఇళ్లలో మొదలైంది. మరోవైపు తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఒకటి నుంచి పదో తరగతి వరకు అన్ని బోర్డుల స్కూళ్లలో తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. తిరిగొచ్చిన పిల్లవాడు ఆనాటికి తెలుగులో ఎక్కడున్నాడన్నది దాంతో ఇంటి ముచ్చటగా మిగలకుండా అడ్మిషన్ దాకా వెళ్తోంది.

ఇవి చాలవన్నట్టు ఎవరి సలహా వాళ్లది. ‘ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే స్కూల్లో వెనకబడతాడు’ అని ఒకరు, ‘తెలుగు తప్ప ఇంకో మాట రానీయకండి’ అని ఇంకొకరు. మధ్యలో నలిగేది మూడేళ్ల పిల్ల తల్లి.

పాలమూరుకు రెండు భాషలు కొత్త కాదు

దక్షిణ తెలంగాణలో ఒకే భాషతో పెరగడమే అరుదైన ఊళ్లు చాలా ఉన్నాయి. దేవరకొండ వైపు తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, ఇప్పుడు ఇంగ్లీష్ మీడియం పుస్తకాలు చదువుతున్నారు. నారాయణపేట, గద్వాల సరిహద్దుల్లో కన్నడం వినని చెవి ఉండదు. మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ ఇంట్లో, తెలుగు బజారులో నడిచే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఈ పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయని ఎవరూ భయపడలేదు, ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు.

ఆ తండా పిల్లవాడికీ డాలస్‌లో పెరిగే పిల్లవాడికీ ఉన్న తేడా వాళ్ల చుట్టూ ఉన్న మనుషుల్లో ఉంది. తండాలో లంబాడీ రాకపోతే ఆటలో చోటు దొరకదు, అమ్మమ్మతో మాట కలవదు. డాలస్‌లో తెలుగు రాకపోయినా పిల్లవాడికి ఏదీ ఆగదు. అన్నం దొరుకుతుంది, ఆట దొరుకుతుంది, అమ్మ కూడా ఇంగ్లీషులో పలుకుతుంది. పిల్లలు ఈ లెక్కను చాలా త్వరగా పసిగడతారు.

తండా నుంచి చదువుకుని విదేశం వెళ్లిన తల్లిదండ్రుల పరిస్థితి మరింత చిక్కుగా ఉంటుంది. వాళ్ల ఇంటి భాష లంబాడీ, అక్కడి తెలుగు సంఘాల్లో కలిసేది తెలుగులో, పిల్లల స్కూల్ ఇంగ్లీషులో. లంబాడీకి సొంత లిపి లేదు, వారాంతపు బడి లేదు. రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, ఊళ్లో ఉన్న అవ్వతాతలు ఏ భాషలో మాట్లాడతారో దాన్ని ముందు కాపాడుకోవడమే సబబు. తెలుగు నేర్చుకోవడానికి పుస్తకాలు, తరగతులు తర్వాతైనా దొరుకుతాయి. లంబాడీకి ఇల్లు తప్ప వేరే దారి లేదు.

చెవి ముందు, నోరు తర్వాత

1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన పరిశోధన మన భాషలకు నేరుగా సంబంధించింది. ఇంగ్లీష్ ఇళ్లలో పుట్టిన పసిపిల్లలకు హిందీలోని ‘ట’, ‘త’ శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఎక్కువమంది ఆ తేడాను పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి పట్టుకోగలిగిన పిల్లలు బాగా తగ్గిపోయారు. చుట్టూ వినిపించే భాషకు పనికిరాని తేడాలను చెవి ఏడాదిలోపే పక్కన పెట్టేస్తుందన్నమాట. తెలుగులో ట–త, డ–ద, ణ–న, ళ–ల ఇలాంటి జతలే. పుట్టిన మొదటి ఏడాది నుంచే తెలుగు వినిపిస్తే ఈ పునాది పెద్ద శ్రమ లేకుండా పడుతుంది. ‘ముందు ఇంగ్లీష్ రానీ, తెలుగు తర్వాత చూద్దాం’ అనే ఆలోచనకు ఇక్కడే మొదటి దెబ్బ.

అయితే వినిపించడం అంటే టీవీ పెట్టడం కాదు. 2003లో సియాటెల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలను తీసుకుని, కొందరితో చైనీస్ మాట్లాడేవారిని నేరుగా ఆడించింది. ఇంకొందరికి అదే మనుషులను వీడియోలో చూపించింది. పన్నెండు విడతల తర్వాత, మనిషితో ఆడిన పిల్లలు చైనీస్ శబ్దాల తేడా గుర్తించారు. వీడియో చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. యూట్యూబ్‌లో తెలుగు పాటలు గంటలకొద్దీ నడిచినా మాట రాకపోవడానికి కారణం ఇదే.

మరి వీడియో కాల్ సంగతి? రెండేళ్లు దాటిన పిల్లలపై 2014లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, అవతలి మనిషి తమను చూసి, తమకు బదులిస్తూ మాట్లాడే వీడియో కాల్ ద్వారా పిల్లలు కొత్త మాటలు నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియో ద్వారా నేర్చుకోలేకపోయారు. మిర్యాలగూడలో ఉన్న నానమ్మ ఫోన్లో ‘ఏం జేస్తున్నవ్ బిడ్డా, ఆ చేతిలో ఏంది?’ అని అడిగి, జవాబు కోసం ఆగి, దాన్నిబట్టి ఇంకో మాట అడిగితే అది నిజమైన భాషా పాఠమే. ఫోను పిల్లవాడి ముందు పెట్టి ‘హాయ్ చెప్పు, బై చెప్పు’ అని ముగించే కాల్‌కు ఆ ఫలితం రాదు. అవ్వకు చిన్నచిన్న పనులు అప్పజెప్పిన ఇళ్లలో ఫోన్ నిలబడుతుంది. రోజూ ఒక కథ చెప్పడం, పిల్ల గీసిన బొమ్మ చూసి ప్రశ్నలు అడగడం, పెరట్లో కోళ్లను చూపించడం లాంటివి.

విని ఊరుకున్న భాష కూడా వృథా పోదు. చిన్నప్పుడు స్పానిష్ చెవిన పడి, పెద్దయ్యాక కాలేజీలో నేర్చుకున్నవారి ఉచ్చారణ, అసలు వినని వారికన్నా మెరుగ్గా ఉన్నట్టు 2002లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపించారు. అర్థమవుతుంది కానీ మాట్లాడడని బాధపడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

‘మాటలు రావట్లేదు’ అనే భయం

ఈ భయానికి పాత చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో రెండు భాషలు పిల్లల తెలివిని మందగిస్తాయని చాలామంది పండితులే నమ్మారు. అప్పటి పరీక్షల్లో పేద వలస కుటుంబాల పిల్లలను కలిగిన ఇళ్ల పిల్లలతో పోల్చి, ఆ తేడాను భాష మీదికి నెట్టేశారు. 1962లో మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ ఒకే ఆర్థిక స్థాయి ఉన్న పదేళ్ల పిల్లలను పోల్చి చూస్తే, రెండు భాషలు వచ్చినవారే మెరుగ్గా చేశారు. అప్పటినుంచి ఆ పాత నమ్మకం కూలింది. రెండు భాషలొస్తే మెదడు మరింత పదునెక్కుతుందన్న నేటి ప్రచారంపై మాత్రం పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. దాన్ని నమ్ముకుని తెలుగు నేర్పనక్కర్లేదు. అవ్వతాతలతో మాట్లాడగలగడం చాలినంత కారణం.

మాటల లెక్క దగ్గరే ఎక్కువ గందరగోళం. డేకేర్ టీచరు ఇంగ్లీష్ మాటలు మాత్రమే లెక్కపెట్టి ‘తక్కువున్నాయి’ అంటుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ తెలుగు మాటలే లెక్కపెట్టి అదే అంటుంది. మయామీలో ఇంగ్లీష్–స్పానిష్ పిల్లలపై 1993లో వచ్చిన పరిశోధనలో, రెండు భాషల మాటలూ కలిపి చూసినప్పుడు వాళ్లు ఒకే భాష పిల్లలకు తీసిపోలేదు. ‘పాలు’ తెలుగులో, ‘షూస్’ ఇంగ్లీషులో తెలిసిన పిల్లకు తెలిసినవి రెండు మాటలు. ఇద్దరు లెక్కించేవాళ్లకూ ఒక్కొక్కటే కనబడుతుంది.

ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపేయడమూ అంతే. ‘అమ్మా, నాకు ఇంకో యాపిల్ వాంట్’ అంటే గందరగోళపడుతున్నట్టు కాదు, చేతికి అందిన మాటతో పని కానిస్తున్నట్టు. నల్లగొండ బస్టాండులో పెద్దవాళ్లు మాట్లాడే తెలుగు వింటే, కలపడం ఎంత సహజమో తెలుస్తుంది.

నిజంగా ఆలస్యం ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఏడాదిన్నర దాటినా ఏ భాషలోనూ మాట రాకపోయినా, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, ముందు వినికిడి పరీక్ష, తర్వాత స్పీచ్ థెరపిస్టు దగ్గర పరీక్ష చేయించాలి. దాన్ని ‘రెండు భాషలు కదా, అదే వస్తుంది’ అని వాయిదా వేయడం ఎంత తప్పో, ఇంటి భాషను ఆపేయడమూ అంతే తప్పు. అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల జాతీయ సంఘం కూడా ఇంటి భాష మానేయాల్సిన పని లేదనే చెబుతుంది.

తెలుగు చేజారే చోటు

మూడేళ్ల పిల్ల మెలకువగా ఉండేది రోజుకు సుమారు పన్నెండు గంటలు. ఇద్దరూ ఉద్యోగస్తులైతే అందులో తొమ్మిది గంటలు డేకేర్‌లో పోతాయి. మిగిలిన మూడు గంటల్లో తిండి, స్నానం, కాసేపు ట్యాబ్. వారంలో ఐదు రోజులు ఇదే. తెలుగుకు మిగిలేది నిజానికి గంటో గంటన్నరో. అదీ ‘తిను’, ‘రా’, ‘పడుకో’ అనే ఆజ్ఞలతో నిండిపోతే, పిల్లకు తెలుగులో వినడం వస్తుంది, చెప్పడం రాదు. ఆజ్ఞకు జవాబు అవసరం లేదు కదా.

తర్వాతి మెట్టు ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. పిల్ల స్కూల్ ముచ్చట ఇంగ్లీషులో చెబుతుంది, ఎందుకంటే అది జరిగింది ఇంగ్లీషులో. తల్లి తెలుగులో అడుగుతుంది, పిల్ల ఇంగ్లీషులో చెబుతుంది. కొన్నాళ్లకు తల్లి కూడా ఇంగ్లీషులోకి జారుతుంది. నార్వేలో రెండు భాషల ఇళ్లను గమనించిన ఎలిజబెత్ లాంజా, పిల్లలు ‘వేరే’ భాషలో మాట్లాడినప్పుడు పెద్దలు స్పందించే తీరును ఐదు రకాలుగా విడదీశారు. పిల్ల ‘ఐ వాంట్ వాటర్’ అందనుకుందాం. ‘ఏం కావాలమ్మా?’ అని అర్థం కానట్టు అడగొచ్చు. ‘నీళ్లు కావాల్నా?’ అని ఊహించి అడగొచ్చు. ‘ఓ, నీళ్లు కావాలి’ అని తెలుగులో తిరిగి పలకొచ్చు. ఏమీ అనకుండా నీళ్లిచ్చేయొచ్చు. లేదా ‘ఓకే, హియర్’ అని తామూ ఇంగ్లీషులోకి వెళ్లొచ్చు. మొదటి రెండూ పిల్ల నోట తెలుగు మాట రప్పిస్తాయి. చివరి రెండూ ‘ఇక్కడ తెలుగుతో పని లేదు’ అని నేర్పుతాయి. అలసిపోయి ఇంటికొచ్చిన తల్లిదండ్రులు నాలుగో దారే పట్టడం సహజం. రోజంతా అవసరం లేదు, సాయంత్రం భోజనాల దగ్గర రెండో దారి అలవాటైతే చాలా తేడా వస్తుంది. ‘తెలుగులో చెప్తేనే ఇస్తా’ అని బిగదీయడం మాత్రం చేటు. అప్పుడు తెలుగు శిక్షగా మారుతుంది.

రెండో పిల్ల పుట్టాక పరిస్థితి మారుతుంది. పెద్దవాడు స్కూల్ భాషను ఇంట్లోకి మోసుకొస్తాడు, చిన్నది అన్నతో ఆడేది ఆ భాషలోనే. అందుకే చాలా ఇళ్లలో పెద్ద బిడ్డకు బాగా వచ్చిన తెలుగు రెండో బిడ్డకు అంతగా రాదు. తల్లిదండ్రుల శ్రద్ధ తగ్గిందని దీనికి అర్థం తీయనవసరం లేదు. ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడే మనిషి ఒకరు పెరిగారు, అంతే.

‘ఒకరికి ఒక భాష’ ఎవరి కోసం పుట్టింది

పేరెంటింగ్ పుస్తకాల్లో, వీడియోల్లో ఎక్కువగా వినిపించే సూత్రం ఇది. దీన్ని ప్రసిద్ధం చేసింది ఫ్రాన్స్‌కు చెందిన జూల్ రోంజా, 1913లో. తండ్రి ఫ్రెంచ్, తల్లి జర్మన్, బిడ్డ లూయీకి రెండూ రావాలి. అమ్మానాన్నలవి వేర్వేరు భాషలైన ఆ ఇంటికి అది చక్కగా అతికింది.

సూర్యాపేట అమ్మాయి, నాగర్‌కర్నూల్ అబ్బాయి పెళ్లి చేసుకుని న్యూజెర్సీలో ఉంటే ఇద్దరిదీ తెలుగే. అక్కడ ‘నేను తెలుగు, నువ్వు ఇంగ్లీష్’ అని పంచుకుంటే, వీధంతా దొరికే భాషకు ఇంట్లో ఇంకో సగం ఇచ్చి, ఇంట్లో తప్ప దొరకని భాషను సగం చేసినట్టు. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో దాదాపు 1,900 కుటుంబాలను పరిశీలించి అనిక్ డి హౌవర్ 2007లో ప్రచురించిన ఫలితాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఇంట్లో ఇద్దరూ తమ సొంత భాషే మాట్లాడిన కుటుంబాల్లో దాదాపు అందరు పిల్లలూ ఆ భాష మాట్లాడారు. ఒకరికి ఒక భాష పాటించిన ఇళ్లలో అది సుమారు నాలుగింట మూడు వంతులకే పరిమితమైంది. ఇద్దరూ తెలుగువాళ్లైన ఇంటికి ‘ఇంట్లో తెలుగు, బయట ఊరి భాష’ అన్న పాత పద్ధతే సరిపోతుంది. స్కూల్ భాష గురించి బెంగ అక్కర్లేదు, అది వచ్చి తీరుతుంది.

భార్యాభర్తల్లో ఒకరు తమిళమో పంజాబీనో మాట్లాడేవారైతే, లేదా విదేశీయులైతే, అప్పుడు రోంజా పద్ధతి పనికొస్తుంది. తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరే కాబట్టి, ఆ ఒక్కరూ ఇంటి బయట కూడా తెలుగు వదలకపోవడం ముఖ్యం.

దేశాన్ని బట్టి లెక్క మారుతుంది

అమెరికాలో ప్రభుత్వ బడి తెలుగును పట్టించుకోదు, అడ్డుపడదు కూడా. తెలుగువాళ్లు గుంపుగా ఉండే శివారు పట్టణాల్లో వారాంతపు తరగతులు దొరుకుతాయి. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి నడుస్తోంది, తెలుగు సంఘాలకు సొంత బడులున్నాయి. సింగపూర్ దీనికి పూర్తిగా వేరు. అక్కడ ప్రతి విద్యార్థీ ఇంగ్లీషుతో పాటు ఒక ‘మాతృభాష’ చదవాలి. భారతీయులకు తమిళం, లేదా హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూల్లో ఒకటి. ఆ జాబితాలో తెలుగు లేదు. కాబట్టి వనపర్తి నుంచి వెళ్లిన కుటుంబం పిల్ల ‘మాతృభాష’ పిరియడ్‌లో హిందీయో తమిళమో రాస్తుంది, అసలు మాతృభాష మూడోదై ఇంట్లో మిగులుతుంది. జర్మనీలో కిండర్‌గార్టెన్ జర్మన్‌లో, తల్లిదండ్రుల ఆఫీసు ఇంగ్లీషులో, ఇల్లు తెలుగులో. అక్కడ తల్లిదండ్రులకే జర్మన్ అంతంతమాత్రం కాబట్టి ఇంట్లో తెలుగు తరచుగా అమెరికాలో కన్నా గట్టిగా నిలుస్తుంది.

గల్ఫ్‌లో మన కుటుంబాల పిల్లలు ఎక్కువగా భారతీయ సిలబస్ స్కూళ్లలో చదువుతారు. పౌరసత్వం రాదు, ఏనాటికైనా తిరిగి రావాల్సిందే అని అందరికీ తెలుసు. వెనక్కి వెళ్లడం ఖాయమని తెలిసిన ఇంట్లో భాషకు పని ఉంటుంది.

దూరం ఒక్కటే భాషను చంపదని చెప్పడానికి సోలాపూర్, భీవండి చాలు. తెలంగాణ నుంచి తరాల కిందట మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీల వారసులు అక్కడ మరాఠీలో చదువుకుని, మరాఠీలో వ్యాపారం చేసి, ఇంట్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు. ఒకే పేటలో కాపురాలు, ఒకే వృత్తి, తెలంగాణ నుంచి కోడళ్లు రావడం: ఈ మూడూ తెలుగుకు ప్రతి తరంలో కొత్త అవసరం పుట్టించాయి. సూరత్, ముంబై నగరపాలికలు తెలుగు మీడియం బడులు కూడా నడిపాయి. చదవడం రాయడం తగ్గినా మాట నిలిచింది. విదేశాల్లో ఒక్కో ఇల్లు ఒక్కో వీధిలో ఉన్నప్పుడు ఈ మూడింటిలో ఏదీ దానంతటది దొరకదు, ఏర్పాటు చేసుకోవాలి. వారానికోసారి తెలుగు పిల్లలే కలిసే ఆట, తెలుగు మాత్రమే వచ్చిన ఆయా, పండుగకు పక్క ఊరి కుటుంబంతో రెండు రోజులు ఉండడం ఆ ఏర్పాట్లే. బతుకమ్మ ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకోవాలి కాబట్టి, సిగ్గుపడే పిల్ల కూడా గుంపులో గొంతు కలుపుతుంది.

అవ్వతాతలు, వేసవి సెలవులు

ఇంగ్లీష్ రాని అవ్వతాతలు ఇంట్లో ఉంటే పిల్లకు తెలుగుతో అసలైన పని పడుతుంది. ఎన్నాళ్లు ఉండగలరన్నది వీసా తేలుస్తుంది. అమెరికా విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలు, బ్రిటన్‌లోనూ అంతే. కెనడా సూపర్ వీసాతో 2022 నుంచి ఒకేసారి ఐదేళ్ల వరకు ఉండొచ్చు. ఈ ఆరు నెలలను ఎక్కువమంది కాన్పు సమయానికే వాడుకుంటారు, అది అర్థం చేసుకోదగ్గదే. భాష దృష్టితో చూస్తే మాత్రం పిల్ల డేకేర్‌లో చేరే ఏడాది, అంటే రెండున్నర నుంచి నాలుగేళ్ల మధ్య, అవ్వ ఇంట్లో ఉండడం ఎక్కువ విలువైనది. ఇంగ్లీష్ ఇంట్లోకి తోసుకొచ్చే సమయం అదే కాబట్టి.

ఊరి ప్రయాణం దీనికి రెండో సగం. మొదటి వారం పిల్లలు మాట్లాడరు, అమ్మ కొంగు వదలరు. జెట్‌లాగ్, ఎండ, కొత్త ముఖాలు. రెండో మూడో వారంలో మాటలు ఒక్కసారిగా బయటికొస్తాయి. పది రోజుల ట్రిప్పులో సగం హైదరాబాద్ షాపింగ్‌కు, తిరుపతికి పోతే ఆ మలుపు దాకా చేరరు. ఏటా పది రోజులకన్నా రెండేళ్లకోసారి ఐదు వారాలు భాషకు ఎక్కువ మేలు చేస్తాయి.

ఇక్కడ ఊళ్లోవాళ్ల చేతిలోనూ కొంత ఉంది. పిల్ల కారు దిగగానే ‘కమ్ బేబీ, సిట్, ఈట్’ అని చిన్నాయిన మొదలుపెడతాడు, మేనత్త తన పిల్లల ఇంగ్లీష్ చూపించుకుంటుంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో కూడా 2022–23 నుంచి ఇంగ్లీష్ మీడియం మొదలైంది, ప్రైవేటు బడుల సంగతి చెప్పనక్కర్లేదు. దాంతో వరుసైన పిల్లలు కూడా వచ్చిన చుట్టంతో ఇంగ్లీష్ ప్రాక్టీస్ చేస్తారు. ప్రేమతో చేసేదే, కానీ పిల్ల వేల మైళ్లు వచ్చి మళ్లీ ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. రాకముందే ఫోన్ చేసి ‘మా పిల్లతో తెలుగే మాట్లాడండి’ అని ఇంటిల్లిపాదికీ చెప్పిపెట్టడం అవసరం.

ఏ తెలుగు నేర్పాలన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. వారాంతపు బడి పుస్తకాల్లో ఉండేది రాత భాష. ఇంట్లో వినేది ‘గిట్ల రా’, ‘ఎటు వోతున్నవ్’. కొందరు తల్లిదండ్రులు తమ యాసను తామే దిద్దుకుంటూ, పిల్లలను దిద్దుతూ, మాట్లాడడమే తగ్గించేస్తారు. ఇది పూర్తిగా అనవసరమైన నష్టం. పిల్ల మాట్లాడాల్సింది నకిరేకల్ తాతతో, ఆయన మాట్లాడే తెలుగే ముందు రావాలి. పుస్తకాల తెలుగు అక్షరాలతో పాటు వస్తుంది.

దేశం మారినప్పుడు, తిరిగొచ్చినప్పుడు

చిన్నప్పుడు వచ్చిన భాష ఎంత త్వరగా వస్తుందో, వాడకం ఆగితే అంత త్వరగా పోతుంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసులో ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లిన కొరియా పిల్లలను పెద్దయ్యాక పరీక్షించి, క్రిస్టోఫ్ పాలియే బృందం 2003లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లు కొరియన్ వాక్యాలను మిగతా తెలియని భాషల నుంచి వేరు చేయలేకపోయారు, మెదడు స్కానింగ్‌లోనూ తేడా కనబడలేదు. మ్యూనిక్‌లో ఐదేళ్లు పెరిగిన పిల్లకు హైదరాబాద్ వచ్చిన కొంతకాలానికే జర్మన్ జారిపోవడం అందుకే మామూలు. పన్నెండేళ్ల దాకా వాడిన భాష మాత్రం అంత తేలిగ్గా పోదు.

తిరిగొచ్చే పిల్లల తెలుగుకు వేరే లెక్క ఉంది. కెనడాలో వలస పిల్లలను పరిశీలించిన జిమ్ కమిన్స్, కొత్త భాషలో ఆటపాటల మాటలకు సుమారు రెండేళ్లు, తరగతి పాఠాలకు సరిపడే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని చెప్పారు. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన పిల్లకు మొదటి భాగం చాలావరకు అయిపోయినట్టే, ఊరి పిల్లలతో కొన్ని నెలల్లో కలిసిపోతుంది. మిగిలేది అక్షరాలు, గుణింతాలు, వత్తులు, పుస్తకాల మాటలు. వినడం కూడా లేకుండా వచ్చిన పిల్లవాడు మాత్రం మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

రాష్ట్ర ప్రభుత్వం 2025లో సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ వంటి బోర్డుల తొమ్మిది, పది తరగతులకు ‘వెన్నెల’ పేరుతో సులభ తెలుగు పుస్తకాన్ని తీసుకురావడం ఇలాంటివారికి కొంత ఊరట. అయినా వయసు లెక్క వేసుకోక తప్పదు. ఏడేళ్లకు మూడో తరగతిలో చేరిన పిల్లకు పదో తరగతికి ఎనిమిదేళ్ల సమయం ఉంటుంది, కమిన్స్ చెప్పిన గడువు అందులో ఇమిడిపోతుంది. పన్నెండేళ్లకు ఏడో తరగతిలో చేరితే మిగిలేది నాలుగేళ్లే. తిరిగి రావడం గురించి ఇంట్లో ఏ కొంచెం ఆలోచన ఉన్నా, అక్కడున్నప్పుడే ఐదారేళ్ల వయసులో రోజుకు పావుగంట అక్షరాలకు కేటాయిస్తే ఆ నాలుగేళ్లు సరిపోతాయి.